అమ్మకంటే ముందు ఊరు కట్టిన అంచు

ప్రమోద ప్రతి పొద్దునా దీపం వెలిగించి, పనికి కూర్చోబోయే ముందు మజ్జిగ గ్లాసు ఒకటి గోడలో పెట్టేది. గోడలో అంటే నిజంగా గోడలోనే. ధర్మవరంలో మా నేతగాళ్ళ వీధిలో రెండిళ్ళకు ఒకటే గోడ. ఈ పక్క చుట్టిన కండెలు ఆ పక్క మగ్గానికి అందించడానికి ఎప్పుడో పెద్దవాళ్ళు పెట్టుకున్న కన్నం అది. ఆ మగ్గం పోయింది, కన్నం మిగిలింది. అవతలి నుంచి కౌసల్యమ్మ అవ్వ చెయ్యి వచ్చి గ్లాసు తీసుకునేది. కాసేపటికి గ్లాసు కడిగి తిరిగి వచ్చేది, అడుగున రెండు కనకాంబరాలతో. ఆ పూలు ప్రమోద ఇంటి అమ్మవారి పటానికి చేరేవి.

ప్రమోద పని పట్టుచీరలకు డిజైన్లు గీయడం. నేసేవాళ్ళ మనసులోని బొమ్మను కంప్యూటర్లో గళ్ళ మీదికి ఎక్కించి, మగ్గం మీద బొమ్మ దింపే జకార్డుకు కన్నాల అట్టలు కొట్టేందుకు సిద్ధం చేసి ఇస్తుంది. పాత చీర ఒకటి స్కాన్ చేస్తే ఆ బొమ్మ, డిజైన్లన్నీ దాచే కంప్యూటర్ పెట్టెలోకి మామూలు తీగలో ఈడ్చుకుంటూ పోతుంది. అందుకని రెండేళ్ళ కిందట హిందూపురం పోయి స్విచ్ కొనుక్కొచ్చింది. దీపం వేసే స్విచ్ కాదు, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలుసుకునే చిన్న డబ్బా. “వేగంగా ఉండాల” అని అడిగింది. వేగంగానే ఉంది.

ఆ డబ్బాలో తీగ పెట్టే చోటు ఒకటి ఖాళీగా ఉంటే, కన్నం గుండా అవ్వ ఇంటికి తీగ లాగి, ఫోనుకు అందేలా కొసన వైఫై పెట్టింది. అవ్వ చెల్లెలు పాపమ్మ నల్లమాడలో ఉంటుంది. పుట్టినప్పటి నుంచి చెవులు వినబడవు, మాట రాదు. అక్కాచెల్లెళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. అవ్వ ఉండే రాతి గోడల ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అందదు. తెర మీద బొమ్మ బిగుసుకుపోతే చేతి మాట సగంలో తెగిపోయేది. తీగ లాగిన రోజు అవ్వ కన్నంలో మొహం పెట్టి, “పాపమ్మ నవ్విందే పాపా, నవ్వింది” అని రెండుసార్లు చెప్పింది.

అవ్వ ఇంటి ముందుగదిలో జయచంద్ర అని ఒకతను బాడుగకు ఉండి, ఫోటోలు, పెండ్లి కార్డులు ప్రింటు చేస్తాడు. అవ్వకు ఫోను పట్టి పాపమ్మను కలిపి ఇచ్చేది అతనే. ఆ తీగలోంచే తనూ నెట్టు వాడుకున్నాడు. ప్రమోద అడ్డు చెప్పలేదు. పోసిన మజ్జిగ ఎవరు తాగారని అడిగే ఇల్లు కాదు అది.

ఈ మధ్యన గంగాధర ఒక అంచు గీయించుకున్నాడు. ఊళ్ళో అతను పేరున్న నేతగాడు. దేవుళ్ళ బొమ్మలు, హంసలు, మామిడి పిందెలు కాదు, తన నాయన సేద్యం చేసిన మెట్టచేనులోని శెనక్కాయ పువ్వు, అంటే వేరుశనగ పువ్వు. చిన్నది, పసుపుపచ్చది, ఎవరూ వంగి చూడనిది. ఆ అంచుతో నేసే తొలి చీర చౌడేశ్వరి అమ్మవారికని మొక్కుకున్నాడు. అమ్మ కట్టినాకే ఊరు కట్టాలి. అందాకా మగ్గం మీది చీర మాట గడప దాటకూడదు.

ఒక మధ్యాహ్నం గంగాధర భార్య హనుమక్క చంకలో మడత చీర పెట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చీర తీసి ప్రమోద ఒడిలో పడేసింది.

“ఇదేందో నువ్వే చెప్పు.”

ప్రమోద మడత విప్పింది. అంచు నిండా పసుపుపచ్చని శెనక్కాయ పూలు.

“గంగన్న చీర మగ్గం మీంచి దించేసినాడా అక్కా?”

“యాడ దించేది? ఇది మిషను మగ్గం చీర. బత్తలపల్లిలో పెండ్లికి పోతే ఒకామె కట్టుకోనుండాది. నా కండ్లు నేనే నమ్మలా. నేను ఏడ్చేది చూసి, పాపం ఆ తల్లి లోపలికి పోయి వేరే చీర కట్టుకోని ఇది మడిచి ఇచ్చె. ‘చూసుకోని పంపియ్యక్కా’ అనె. ఆమె పేరు గూడా నేను సరిగ్గా అడగలా.”

“గంగన్న ఏమన్నాడు?”

“ఏమంటాడు? మగ్గంలో ఆడే నాడె పక్కన పెట్టినాడు. ‘ఊరు కట్టి ఇడిసిన అంచు అమ్మకు కట్టియ్యల్లనా’ అని పడుగు కోసేస్తా అంటాండాడు.”

మగ్గానికి బిగించిన నిలువు పోగుల పడుగు కోస్తే సగం నేసిన చీర చచ్చినట్టేనని మగ్గం ఉన్న ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. చావు ఇంట్లో కూడా ఆ మాట గట్టిగా అనరు.

ప్రమోద ఆ అంచును వెలుతురుకు పట్టి చూసింది. ప్రతి పువ్వులోనూ ఎడమ రేకు కింద ఉండకూడని చుక్క ఒకటి ఉంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“అక్కా, ఇది మీ మగ్గం కాడ చూసి తీసింది కాదు. ఈ చుక్క నా తప్పు. తొలిసారి గీసినప్పుడు పడింది, మీ అట్టలు కొట్టక ముందే తీసేసినా. తప్పున్న బొమ్మ నా పెట్టెలో తప్ప యాడా లేదు.”

“నేనూ అదే అడగల్లనే వస్తి. ఎవురికిచ్చినావు?”

“నేను అమ్ముకున్యానంటాండావా?”

“అనలా. అడుగుతాండా.”

ఆ ‘అడుగుతాండా’ తగిలినట్టు ప్రమోదకు చెంపదెబ్బ కూడా తగిలేది కాదు. తన పెట్టె నుంచి ఇల్లు దాటిన తీగ ఒక్కటే, గోడ కన్నంలోది. చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి దిగి, అవ్వ ముందుగదిలోని జయచంద్ర అంగట్లోకి పోయింది. అక్కడ కార్డులు చూసుకుంటున్నవాళ్ళు దారి ఇచ్చారు.

“లెయ్. పక్కకు జరుగు.”

అతను లేచాడు. ఆమె అతని కంప్యూటర్లో నెట్‌వర్క్ అన్న చోట నొక్కింది. తన ఇంట్లో బొమ్మలు దాచే పెట్టె అక్కడ కనబడింది. దాంట్లో నేతగాళ్ళ పేర్లన్నీ వరసగా ఉన్నాయి. గంగాధర పేరు కూడా. నొక్కితే తెరుచుకుంది, అడ్డమేమీ లేకుండా.

“ఇది నా ఇల్లు జయచంద్రా. నీ మిషన్లో ఏం చేస్తాండాది?”

“నేనేమీ తాళం పగలగొట్టలేదక్కా. తెరిచే ఉండాది. కనపడితే చూస్తి. మిషను మగ్గాలాయన ఒకాయన ప్రింటుకొచ్చి, బాగుండాదబ్బా ఇయ్యి అనె, ఇస్తి. తలుపులు బార్లా తీసిపెట్టి, నన్ను దొంగంటే ఎట్ల?”

“గోడలో దినామూ మజ్జిగ పెడతా. అదీ తెరిచే ఉంటాది. ఎప్పుడన్నా తాగితివా?”

అతను బల్ల మీది కార్డులు సర్దసాగాడు.

“తాగలా. అంటే ఏది ఎవురిదో నీకు తెలుసు.”

కోపం చెడ్డదని బళ్ళో చెబుతారు. మంచిదే. కానీ ఆ రోజు ఆ అంగట్లో ఉన్నవాళ్ళలో ఒక్కరూ ఆమెను ‘ఊరుకోమ్మా’ అనలేదు.

ఇంటికొచ్చి కట్టింగ్ ప్లయర్ తీసుకుని, తీగ కోసేద్దామని కన్నం దగ్గరికి పోయింది. అవతల అవ్వ ఫోను గోడకు ఆనించి కూర్చుని ఉంది. ఆ ముసలి చేతులు గాలిలో వేగంగా తిరుగుతున్నాయి. ముడతలు పడిన వేళ్ళతో గ్లాసు ఎత్తినట్టు, తాగినట్టు, మూతి తుడుచుకున్నట్టు చూపిస్తోంది. కన్నంలో ప్రమోద మొహం చూసి, “ఇదో, మజ్జిగ పాప” అన్నట్టు ఫోను ఇటు తిప్పింది. తెరలో పాపమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

ప్రమోద చెయ్యి దిగింది. కోపం దిగలేదు. ఆ కోపానికి ఇప్పుడు ఇంకో మొహం కావాలి.

మరుసటి పొద్దున ఆ స్విచ్ డబ్బా పీకి గుడ్డసంచిలో వేసుకుని హిందూపురం రైలెక్కింది. పెనుకొండలో ఎక్కిన ఒక ముసలామె ఎదురుగా కూర్చుని, ఈమె మొహం కాసేపు చూసి, కొంగులోని ఉడకబెట్టిన శెనక్కాయలు దోసెడు తీసి ఒడిలో పోసింది.

“తినమ్మా. ఎవురిమీద కోపమో గానీ, కడుపు మాడ్చుకోవద్దు.”

“చేన్లోవా అవ్వా?”

“మా చేన్లోవే. ఈసారి పూత బాగా వచ్చె. పూత చూసి మురిసిపోతే ఏముండాది? పువ్వు వాడినాక ఊడలు భూమిలోకి దిగల్ల. కాయ పట్టిందీ లేందీ పైన చూసేవానికి యాడ తెలుస్తాది, పీకినోనికి తెలుస్తాది గానీ.”

ప్రమోద ఒక కాయ చేతిలో పట్టుకుని, తొడిమ దగ్గర ఎండిన ఊడ ముక్కను చాలాసేపు చూసింది. తినడం మరిచిపోయింది.

హిందూపురంలో ఆ డబ్బా అమ్మిన కంప్యూటర్ సామాన్ల అంగడి అమర్‌నాథ్‌ది. ప్రమోద డబ్బా తీసి బల్ల మీద ఠంగుమని పెట్టింది.

“ఏమక్కా, కాలిపోయిందా?”

“ఇది కాల్లేదు. నా కొంప కాల్చింది.”

జరిగిందంతా విని అతను తల గోక్కున్నాడు. “దీంట్లో తప్పు లేదక్కా. ఈ రకం డబ్బాకు వచ్చినోళ్ళందరూ ఒకే ఇంటోళ్ళు. నువ్వు వేగం అడిగితివి. తలుపులు అడగలా.”

“అడగలా. నాకు తెలీదు గాబట్టి అడగలా! నువ్వు అడగాల గదా, ఈ తీగలు ఎవరెవరివక్కా అని? మా కాడికి చీరకొస్తే మేమడుగుతాం, ఎవురికి, పెండ్లికా పూజకా అని. అంగడి పెట్టుకున్నోనికి ఆ మాత్రం నోరు లేదా?”

అమర్‌నాథ్ మొహం చిన్నబోయింది. “నిజమేక్కా. అడగాల్సింది. స్వల్ప కూచో” అని, ఇంకో గిరాకీ వస్తే మళ్ళీ రమ్మని పంపేసి, టీ తెప్పించాడు.

ముందు పొడుగాటి ఇనుప డబ్బా దించాడు. పెద్ద ఆఫీసులవాళ్ళు తీసుకుంటారన్నాడు. కరెంటు పెట్టగానే లోపల ఫ్యాను రొద మొదలైంది.

“తీసెయ్. మా ఇండ్లల్లో గాలంతా పట్టు నూగు. ఈ ఫ్యాను దాన్ని మింగి మింగి గొంతు పట్టుకోని చస్తాది.”

రెండోది ఫ్యాను లేనిది, వేగమైనది. ప్రమోద పాత డబ్బా పక్కన పెట్టి చూసింది. “ఇది దీని చెల్లెలే గదా? తలుపులున్నాయా?” లేవని ఒప్పుకుని అతనే లోపల పెట్టేశాడు.

మూడోది అరచేతికి కొంచెం పెద్దది. ఫ్యాను లేదు. కంప్యూటర్లకు మామూలు వాటికన్నా రెండున్నర రెట్లు వేగంగా పోయే పోర్టులు, అంటే తీగ పెట్టే చోట్లు, బొమ్మల పెట్టెకు అంతకన్నా వేగమైనది ఇంకొకటి. వీటన్నిటికన్నా ముఖ్యంగా, దీనికి మన మాట చెప్పుకోవచ్చు. ఏ పోర్టులోని తీగ ఏ పోర్టును చూడొచ్చో, ఏది చూడకూడదో కంప్యూటర్లో ఒక పేజీ తెరిచి చెబితే వింటుంది. చివరి పోర్టును గోడ తీగకని పెట్టి, అందులోంచి బయటి నెట్టుకు తప్ప ఇంకెక్కడికీ దారి లేకుండా చేశాడు.

“కరెంటు పోయొస్తే చెప్పింది మరిచిపోదు గదా?”

“మరిచిపోదక్కా, చూడు” అని తీగ పీకి మళ్ళీ పెట్టాడు. అంతా మరిచిపోయింది.

“ఏం నాయనా, ఇదేనా?”

“అయ్యో, సేవ్ నొక్కలేదు.” మళ్ళీ మొదటి నుంచి పెట్టి, సేవ్ నొక్కి, తీగ పీకి పెట్టాడు. ఈసారి మాట నిలబడింది. చివరి పోర్టుకు తన లాప్‌టాప్ తగిలించి చూపించాడు. నెట్టు వచ్చింది. అంగట్లోని మిగతా కంప్యూటర్లు ఒక్కటీ కనబడలేదు. ప్రమోద ఇంకోసారి చూపించమంది. చూపించాడు. మళ్ళీ అడిగింది. విసుక్కోకుండా మళ్ళీ చూపించాడు.

“డబ్బా ఒక్కటే చాలదక్కా. దీనితో వచ్చిన పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చు, అది అందరికీ తెలిసిందే. నీ పెట్టెలో ఒక్కొక్కరి బొమ్మలకు ఒక్కొక్క తాళం పెట్టు. అయినా ఇంత యాతన ఏమిటికి? వాని తీగ పీకేస్తే పోలా?”

“ఆ తీగ కొసన వాడొక్కడే లేడప్పా.”

ఇల్లు చేరి కొత్త డబ్బా పెట్టింది. మరుసటి పొద్దున మజ్జిగ గ్లాసు గోడలో పెడుతుంటే అవతలి నుంచి జయచంద్ర గొంతు వచ్చింది.

“అక్కా, నెట్టు వస్తానే ఉండాది. ఉంచినావా?”

“నీకు కాదు. ఆ ఇద్దరి చేతులకు.”

“తప్పయిపోయిందక్కా.”

“నాకు చెప్పాకు. అమ్మవారి గుడికి పోయి ఆమెకు చెప్పు. నాతో మాట్లాడాకు.”

ఆ రోజంతా తలుపు వేసుకుని గీసింది. పొద్దువాలక ముందే కాగితం మడిచి కొంగులో ముడి వేసుకుని గంగాధర ఇంటికి పోయింది. మగ్గం మీద చీర అలాగే ఉంది, శెనక్కాయ పూలు సాయంత్రపు ఎండకు మెరుస్తున్నాయి. పడుగు దగ్గర గంగాధర కూర్చుని ఉన్నాడు. చేతిలో కత్తి. హనుమక్క గడప పక్కన నిలబడి దేవుణ్ణి తలుచుకుంటోంది. భర్తను ఆపుతున్నదో, తనను తాను ఆపుకుంటున్నదో తెలియడం లేదు.

“వచ్చినావా తల్లీ? ఇంకెవురికి పంచిపెట్టినావు?” అన్నాడు గంగాధర, తలెత్తకుండానే.

“తిట్టన్నా. నా తలుపే తెరిచి ఉండె. తిట్టేది అయినాక ఇది చూడు.”

కాగితం పడుగు మీద పరిచింది. అంచులోని పువ్వులు కొంగు దగ్గరికి వచ్చేసరికి వాడి, ఒక్కొక్కటి నుంచి సన్నని జరీ ఊడ కిందికి దిగుతోంది. కొంగంతా ఎర్రమన్ను రంగు. ఆ మన్ను లోపల జంటలు జంటలుగా కాయలు.

హనుమక్క దగ్గరికొచ్చి వంగింది. “మామ చేనే” అంది మెల్లగా.

“వాళ్ళు పువ్వు కోసుకోని పోయినారక్కా. పోనీ. కాయ పట్టేది భూమి లోపల. అది వాళ్ళు చూడలా. అంచు ఊరు కట్టింటే కట్టనీ. ఈ కొంగు అమ్మ ఒక్కతే కడతాది.” ప్రమోద గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది, అది గంగాధర మీద మాత్రం కాదు. “ఈ బొమ్మ పెట్టుండే చోటికి తాళం హనుమక్క పెడతాది. నాకు గూడా చెప్పొద్దు. పనుంటే వచ్చి తెరిపించుకుంటా.”

గంగాధర కాగితం చూస్తూనే ఉన్నాడు. కత్తి మాత్రం వదలలేదు. ప్రమోద, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత అంచున కూర్చుని, గోడ కన్నంలో అవ్వ చాచినట్టే అరచెయ్యి చాచింది.

“గంగన్నా, నాకొక ఉపకారం చెయ్యి. ఆ కత్తి నాకియ్యి. కొంగు అయిపోయినాక చీర కోసి దించేదానికి నేనే తెచ్చిస్తా.”