నదులు వెనక్కి పారిన రాజ్యం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఒకటుంటుందని నాకు తెలియదు. డెబ్బైల చివర, ఇల్లినాయ్‌లో సివిల్ ఇంజనీరింగ్ మాస్టర్స్‌లో చేరిన కొత్తలో, చరిత్ర విభాగంలోని ఒక పెద్దావిడ ప్రొఫెసర్‌కు మ్యాపులు గీసిపెట్టే వేసవి ఉద్యోగం దొరికింది. కాకసస్ కొండల్లో ఒకప్పుడు వెలిగిన జార్జియా రాజ్యం మీద ఆవిడ పుస్తకం రాస్తున్నారు. పని నచ్చితే ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కి, ఫీజు కలిసొచ్చే అసిస్టెంట్‌షిప్ ఇస్తానన్నారు. అది దక్కకపోతే నా చదువు అక్కడితో సరి.

ఆవిడ చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. కొండను తొలిచి అంతస్తులుగా కట్టిన మఠం, మంచుకొండల కింద ద్రాక్షతోటలు, సింహాసనమెక్కిన రాణిని కూడా ‘రాజు’ అనే పిలిచిన ప్రజలు! అట్లాసు చూసి నదులన్నీ ముచ్చటగా గీశాను. ప్రవాహం ఎటో బాణం గుర్తులు పెట్టమన్నారు. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, నదులు ఎటు పారతాయో నాకొకరు చెప్పాలా? అన్నిటికీ తూర్పుముఖంగా బాణాలు పెట్టేశాను. ఆవిడకు చూపు మందగించింది. నన్ను నమ్మి, మ్యాపును కవర్లో పెట్టి, సోమవారం ప్రెస్‌కు పంపుదామన్నారు.

శనివారం ఆవిడ రాసిన అధ్యాయం తీరిగ్గా చదివాను (ముందు గీయడం, తర్వాత చదవడం అప్పటి నా పద్ధతి). రాజ్యం మధ్యలో ఒక కొండల వరుస ఉందట. దానికి తూర్పున నీళ్ళు కాస్పియన్ సముద్రం వైపు, పడమట నల్లసముద్రంలోకి. ఆ రెండు వైపులనూ ఒక్కటి చేయడమే ఆ రాజుల ఘనత. నా మ్యాపులోనేమో పడమటి నదులు సముద్రంలో పుట్టి కొండెక్కుతున్నాయి.

“ఊకో రా బై, ఎవరు చూస్తరు? చెప్తే జాబ్ పోతది,” అన్నాడు మా వరంగల్ రూమ్మేట్.

సోమవారం పొద్దున్నే వెళ్ళి చెప్పేశాను. (ధైర్యం కాదు, ఆ రాజ్యం మీద అప్పటికే మనసు పడింది.) ఆవిడ కవరు విప్పి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

“మంగోలులు వచ్చారు, ఊళ్ళు తగలబెట్టారు. నదుల జోలికి మాత్రం ఎవరూ పోలేదయ్యా. నువ్వు వారంలో వెనక్కి తిప్పేశావు!” అంటూ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత కొత్త కాగితం నా ముందు పరిచి, “కూర్చో. ఫాల్‌లో ఇంకా ఆరు మ్యాపులున్నాయి,” అన్నారు.

ఆవిడంటే నాకు ఇప్పటికీ భక్తే. నా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు డ్రాయింగులో తప్పు చేసి, ఒప్పుకోవడానికి నా గది తలుపు దగ్గర నిలబడినప్పుడల్లా ఆవిడలా నవ్వుదామనే అనుకుంటాను. ‘కూర్చో’ అనడం వరకూ అబ్బింది. ఆ నవ్వు మాత్రం వాళ్ళు వెళ్ళిపోయాకే వస్తోంది.