అరచేతి కింది సప్పుడు

మా జూలూరుపాడు పశువుల డాక్టరు సారు పోయారని నిన్న పొద్దున మిర్చి కల్లంలో ఉండగా ఫోనొచ్చింది. విని, నా కుడి అరచేతిని కొంగుకు తుడుచుకున్నాను. సారు గుర్తొస్తే ఆ చెయ్యి ఒకచోట ఉండదు.

కొన్నేళ్ల కిందట మా చిట్టిని టీకాకు ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మూడు నెలల కుక్కపిల్ల. ఒళ్లో పెట్టుకుంటే దాని ఎడమ చంక కింద గుర్రుమని ఆగకుండా అదిరేది. పిల్లిలాగా మురిపెం పోతోందని అందరికీ చెప్పుకునేదాన్ని. సారు అక్కడ చెయ్యి పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నారు.

"ఇది మురిపెం కాదు చెల్లె. పుట్టంగనే మూసుకపోవాల్సిన రక్తనాళం గుండె పక్కన ఇంక తెరుచుకునే ఉన్నది. హైదరాబాద్‌ల ఆపరేషన్ జేసి దారంతోటి కట్టేస్తరు. మంచిగైతది. జల్దీ తీస్కపో."

"మిర్చి కోతలైనంక పోత సారు," అన్నాను. పిల్ల గంతులేస్తోంది కదా, తొందరేముందిలే అనుకున్నాను. కోతలయ్యాయి, నాట్లు వచ్చాయి. సారు ఎదురైనప్పుడల్లా అడుగుతుంటే తప్పుకుని తిరిగాను.

ఒకరోజు చెయ్యి పెడితే అదురు లేదు. సంతోషం పట్టలేక చిట్టిని ఎత్తుకుని దవాఖానాకు ఉరికాను.

"సప్పుడు పోయింది సారు! దానంతటదే నయమైంది!"

సారు గుండె విని, స్టెతస్కోపు మెల్లగా తీసి బల్లమీద పెట్టారు. "ఉరికితే వెనక కాళ్లు కూలబడుతున్నయా?"

"అవ్ సారు."

"ఊపిరితిత్తులల్ల ఒత్తిడి పెరిగి రక్తం ఎదురు తిరిగింది. అందుకే సప్పుడు లేదు. ఇగ ఆ నాళం కట్టేస్తే బతకదు."

ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చిట్టి వానాకాలం దాటలేదు.

ఆ తర్వాత ఏ కుక్కపిల్ల మీద అనుమానమొచ్చినా సారు నాకు కబురు పంపేవారు. "నీ చెయ్యి మర్సిపోదు చెల్లె, పట్టి చూడు," అనేవారు. అది శిక్షేమో అనుకునేదాన్ని. కాదని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అలా దొరికిన రెండు పిల్లలు మాత్రం హైదరాబాద్ వెళ్లొచ్చి బతికాయి. ఒకటి ఇల్లందులో కిరాణా కొట్టు కాస్తోంది. "సప్పుడు ఉన్నన్ని రోజులు మనకు టైమున్నట్టు," అనేవారు సారు.

నిన్న ఆయన ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నాం. అడవి అంచు ఊరి నుంచి ఒకాయన కుక్కపిల్లను తువ్వాలలో చుట్టుకుని వచ్చాడు. సంగతి తెలియదు. "సారు లేడా?" అన్నాడు. నేను లేచి పిల్ల చంక కింద చెయ్యి పెట్టాను.

"రేపే హైదరాబాద్ తీస్కపో అన్నా. చేను పని ఉన్నా సరే, పెండ్లి ఉన్నా సరే."

"నువ్వు డాక్టరువా అమ్మా?"

"కాదు. ఆలస్యం చేసినదాన్ని."

లోపల సారును పడుకోబెట్టిన గదిలో ఏ చప్పుడూ లేదు. నా అరచేతి కింద ఆ పిల్ల గుండె గుర్రుమంటూనే ఉంది. చెయ్యి తియ్యలేకపోయాను.