పడుకుని ఒకటి, నిలబడి ఒకటి

నలభై దాటాక తమిళ అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చెయ్యి తిరిగిన కొత్తలో ఏం జరిగినా నోటుబుక్కులో రాసుకునేదాన్ని. కోవిల్‌పట్టిలో మొదటిసారి మోకాలికి ఎక్స్‌రే తీసిన రోజూ రాశాను: "ఇనుప బల్ల మీద పడుకోబెట్టినారు. వీపంతా చలి."

మరుసటేడు విరుదునగర్‌లో మళ్ళీ తీశారు. డాక్టరు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి, ఎముకల మధ్య సందు మీద స్కేలు ఆన్చాడు. పోయినేడు నాలుగు గీతలు, ఈయేడు రెండున్నర. "గుజ్జు వేగంగా అరిగిపోతోంది. చేను పని మానెయ్యాలి" అన్నాడు తమిళంలో, నాతో కాదు, మా అబ్బాయితో.

మా ఆయన పోయినప్పటి నుంచి ఆ రేగడి చేను నా చేతి మీదే నడిచింది. బస్సు దిగేలోపే మా వాడు ఫోనులోనే దాన్ని వాళ్ళ పెదనాన్నకు గుత్తకిచ్చేశాడు.

"ఇంక ఇంట్లో కూసోమా. డాక్టరే చెప్పేసినాడు గదా."

"నా కాలునడగరా. నొప్పి పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే."

"నీ కాలుకేం తెలుసు? ఫోటోలో ఉండాది."

పక్కనే ఉన్న బావగారు, చేను గుత్తకు తీసుకున్నాయన, నవ్వాడు. "గుజ్జు అరిగినా దీని నోరు అరగలేదురా!"

వాన పడగానే ఆయన మడకలు దున్నడానికి నా చేలో దిగాయి. గట్టు మీద నిలబడి చూస్తుంటే నా బరువంతా మోకాలి మీదికి దిగింది. అప్పుడు తట్టింది. ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. విరుదునగర్ రోజు కింద రాసి ఉంది: "నిలబెట్టి తీసినారు. గోడ పట్టుకోమన్నారు."

బోరెం సంచిలోకి దిగి పత్తి తొక్కిన మనిషిని. పైన మనిషి ఎక్కితే పత్తి ఎంత దిగుతుందో నాకు తెలియదా? దిగిన పత్తిని చూసి తరిగిపోయిందంటారా ఎవరైనా?

ఒక్కదాన్నే విరుదునగర్ పోయి నోటుబుక్కు డాక్టరు ముందు పెట్టాను. చదివాడు. ఈసారి పడుకోబెట్టి తీయించాడు. నాలుగు గీతలు.

"అయితే అరిగిందని చెప్పలేం. మంచిదే కదా, సంతోషపడమ్మా."

సంతోషమా! స్కేలు ఆన్చే ముందు 'ఎలా తీశారు?' అని ఒక్క మాట అడగలేదు ఆ మనిషి.

ఇంట్లో మూడు ఫిల్ములూ పరిచి, స్కేలు మా వాడి చేతికిచ్చాను. "కొలువురా."

కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "మాట ఇచ్చేసినాను గదమా" అన్నాడు తల వంచుకుని.

"ఎవరి చేనుకురా నువ్వు మాటిచ్చింది? పోయి చెప్పు, పంట ఎత్తినాక ఆ మడకలు నా గట్టు దాటగూడదని."

వెళ్ళి చెప్పాడు. ఆ యేడు మాత్రం నా చేలో పత్తిని వేరేవాళ్ళు ఏరుతుంటే గట్టు మీద నుంచి చూశాను. నిలబడే చూశాను.