గండశిల కోసం అవ్వ ఎత్తిన బోనం

మా చిన్నప్పుడు... నెల మొదట్లో బాపు సైకిల్ గంట వినిపిస్తే నాకంటే ముందు మా అవ్వ గడప దాటేది. చెరుగుతున్న చాట చేతిలోనే ఉండేది. "తెచ్చినవా కొడకా?" అని అడిగేది. జీతం గురించి కాదండోయ్... 'మెరుపు దండు' గురించి!

మాది మేడ్చల్ దగ్గర అత్వెల్లి. బాపు కుత్బుల్లాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాడు. వచ్చేటప్పుడు మేడ్చల్‌లో పుస్తకాల బండి దగ్గర ఆగి ఆ బొమ్మల కథల పుస్తకం కొనుక్కొచ్చేవాడు. అందులో ఏడుగురు వీరులు... ఒకడు గాల్లో ఎగురుతాడు, ఒకామె చేయి ఊపితే పిడుగు పడుతుంది. ప్రతి సంచిక అట్టకూ ఒక రేకు బిళ్ల అంటించి ఉండేది. దాని మీద ఏడుగురిలో ఎవరో ఒకరి బొమ్మ. బడిలో ఆ బిళ్ల గౌనుకు పెట్టుకుని తిరిగితే ఆ దర్జాయే వేరు.

అవ్వకు చదువు రాదు. నేను చదవాలి, ఆమె బియ్యం చెరుగుతూ వినాలి. ఎగిరేవాడంటే ఆమెకు అస్సలు గిట్టదు. "గాల్ల తిరిగెటోడు ఇంటికేం పనికొస్తడు?" అనేది. ఆమె ప్రాణమంతా గండశిల మీదే... రాతి మనిషి. మిగతా ఆరుగురూ గెలిచామని చిందులేస్తుంటే ఈయన వెనకాల కూలిన ఇళ్లు ఎత్తి నిలబెడుతుంటాడు. "గీయనను జూడు బిడ్డా... మాటల్లేవు, పని ఉన్నది" అని మురిసిపోయేది.

గండశిల బిళ్ల దొరికిన రోజు బడికి పెట్టుకుపోదామని ఎంత సంబరపడ్డానో! తెల్లారి లేచి చూస్తే అది దేవుని గూట్లో, పోచమ్మ పటం పక్కన, బొట్టు పెట్టించుకుని కూర్చుంది. ఇక అడిగే ధైర్యం ఎవరికి?

ఒక వానాకాలం వచ్చిన సంచికలో ఆనకట్ట తెగింది. ఊరు మునగకుండా గండశిల వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు. చివరి బొమ్మలో నీళ్ల పైన ఒక్క చేయి మాత్రమే కనిపిస్తోంది. కింద 'వచ్చే నెల' అని ఉంది.

"తర్వాత?" అంది అవ్వ.

"గంతే అవ్వా... అయిపోయింది."

"అట్లెట్ల అయితది? మనిషి నీళ్లల్ల ఉండె గద!"

శామీర్‌పేట చెరువు నిండి అలుగు మీంచి దుంకడం ఆమె వయసులో ఉన్నప్పుడు చూసిందట. నీళ్ల సంగతి ఆమెకు తెలుసు. "రాయి తేలదు బిడ్డా..." అని ఆ పూట అన్నం సగంలోనే వదిలేసింది. అది కథే కదా అని అమ్మ చెప్పబోయింది. అవ్వకు కోపం వచ్చింది. "కథని నాకెరుక లేదా? కథల పడితే మాత్రం కష్టం కష్టం గాదా?" అని కసిరి, గూటి ముందు నిలబడి చేతులు జోడించింది. "తల్లీ, గాయన లేస్తే నీకు బోనమెత్తుత."

తర్వాతి నెల బండి మీదికి పుస్తకం రాలేదు. బాపు రోజూ అడుగుతూనే ఉన్నాడు. అవ్వ చాట ముట్టడం మానేసింది... పిలిస్తే పలకడమూ తగ్గింది. ముసలి ప్రాణం, ఏమవుతుందోనని ఇంట్లో అందరికీ దిగులు పట్టుకుంది. చివరికి సెలవు రోజున బాపు సైకిల్ తీశాడు. శామీర్‌పేటలో ఒక దుకాణంలో ఆ సంచిక ఉందని తోటి పనివాడు చెప్పాడట.

"బొమ్మల పుస్తకానికి గంత దూరమా?" అంది అమ్మ.

"మా అమ్మ సల్ల గూడ ముడ్తలేదు" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ముద్దగా తడిసి వచ్చాడు. పుస్తకం మాత్రం చొక్కా లోపల ప్లాస్టిక్ కవర్లో పొడిగా ఉంది. గబగబా చదివాను. మిగిలిన ఆరుగురూ కట్ట మీద నిలబడి ఏడుస్తున్నారు... అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరి పేజీ తిప్పితే... బురదలోంచి ముందు ఒక వేలు, తర్వాత చేయి, తర్వాత ఆ కొండంత మనిషి!

"లేచిండవ్వా!" అని అరిచాను.

అవ్వ కళ్లు తుడుచుకుని అమ్మను పిలిచింది. "కొత్త కుండ ఉన్నదా?"

ఆదివారం అవ్వ నిజంగానే కొత్త కుండలో అన్నం వండి, నెత్తిన పెట్టుకుని పోచమ్మకు బోనమెత్తింది. కుండకు పసుపు, కుంకుమ, వేపమండలు... ఆ మండలకు కట్టిన గండశిల బిళ్ల! పక్కింటి లచ్చమ్మత్త ఎదురొచ్చింది.

"ఏందత్తా, ఎవలికి బాగలేకుండె?"

"మా శిలయ్యకే. నీళ్లల్ల పడ్డడు. తల్లి దయతోని లేచిండు."

"అయ్యో! ఏ ఊర్లుంటడు?"

"ఊరెక్కడిదే... లోకమంత తిరుగుతడు."

"లారీ నడుపుతడా?"

నేనూ అమ్మా నవ్వు ఆపుకోలేక చచ్చాం. తెల్లారి లచ్చమ్మత్త కోడిగుడ్లు పట్టుకొచ్చింది... "నీళ్లల్ల పడ్డోనికి సత్తువ గావాలె, పెట్టుండ్రి" అని. శిలయ్య పేరు చెప్పి ఆ పూట మేమే గుడ్ల కూర తిన్నాం.

ఈ మధ్య కుత్బుల్లాపూర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో 'మెరుపు దండు' అభిమానులంతా కలిశారు. ఇన్నేళ్లుగా ఆగకుండా వస్తున్న పుస్తకం మరి! పాత సంచికలు, బొమ్మలు, వరుసగా పేర్చిన బిళ్లలు... ఎంత ప్రేమగా దాచుకున్నారో చూస్తే కడుపు నిండిపోయింది. నేనూ ఆ గండశిల బిళ్ల తీసుకెళ్లాను. ఒక కుర్రాడు దాన్ని చూసి "అక్కా, గీ పసుపు మరకేంది? తుడుస్తే మస్తు మెరుస్తది" అన్నాడు. వద్దు తమ్మీ అని అవ్వ సంగతి చెప్పాను. అతను దాన్ని అలాగే తీసుకెళ్లి అన్ని బిళ్లల మధ్యలో పెట్టాడు.

ఈ నెల సంచికలో గండశిల మళ్లీ కొండ కింద పడ్డాడు. ఫోన్లో అభిమానుల గ్రూపులో అందరూ "లేస్తడు తీయ్, గిదంత అమ్ముకోనీకే" అంటున్నారు. నిజమే, లేస్తాడు... నాకూ తెలుసు. కానీ ఆయన కోసం అన్నం మానేసేవాళ్లు ఇప్పుడు లేరు. మా అవ్వా లేదు.

అందుకే నిన్న గూటి ముందు నేనే మొక్కాను. కొత్త కుండ కూడా కొన్నాను.

మీ ఇంట్లోనూ బొమ్మల పుస్తకంలోని మనిషి కోసం దిగులుపడ్డ పెద్దవాళ్లు ఉన్నారా? వాళ్ల పేరు కింద రాయండి... బోనమెత్తే రోజు మా అవ్వతో పాటు వాళ్లనూ తలుచుకుంటాను.