పెళ్ళి క్యాసెట్‌లో నేను

1987 మే 14, గురువారం, పగలు పదకొండుంబావు. మా అమ్మాయి శారద ముహూర్తానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. దయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మావారు పోయి అప్పటికి రెండేళ్ళు. పర్చూరు దగ్గర మా తమ్ముడి ఇంటి ముందే పందిరి వేశారు. కన్యాదానానికి తమ్ముడూ మరదలూ పీటల మీద కూర్చున్నారు. వీడియో తీయిస్తున్నారు కాబట్టి అందులో నేను కనబడకూడదని వియ్యపురాలు ముందే మాట తీసుకుంది.

"కలకాలం ఉండిపోయే బొమ్మ కదా వదినగారూ" అంది.

సరేనన్నాను. మిరపకాయల బస్తాలు వేసిన గదిలో కూర్చుని, ఓరగా తీసిన తలుపులోంచి చూద్దామనుకున్నాను.

ఎవరో తలుపు లాగి బయట గొళ్ళెం పెట్టారు. ఆ గదికి కిటికీ లేదు. గట్టిమేళం మొదలైంది. ఘాటుకి ఊపిరాడక, కారం అంటిన చేతులతో తలుపు బాదాను. ఆ మేళంలో ఎవరికి వినబడుతుంది? ఒక్కగానొక్క కూతురి పెళ్ళి చెవులతో విన్నాను. తలంబ్రాలయ్యాక మరదలు వచ్చి తీసింది.

"అయ్యో వదినా, ఎవరు పెట్టారీ గొళ్ళెం? కళ్ళు చూడు, ఎలా వాచిపోయాయో!"

క్యాసెట్‌లోనైనా చూసుకోవచ్చని నెలరోజులు ఎదురుచూశాను. చీరాలలో వియ్యాలవారింట్లో, అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో వేశారు. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి శారద వెనక నేను నిలబడి ఉన్నాను. ఆ రోజు కట్టుకున్న బూడిదరంగు నేతచీరే. శారద కుడి భుజం మీద నా చెయ్యి.

"రానని మాటిచ్చి ఇదేం పని వదినగారూ?" అంది వియ్యపురాలు.

"ఈవిడ గదిలోనే ఉందండీ. గొళ్ళెం తీసింది నేనే" అంది మరదలు.

"మరి టీవీలో నిలబడిందెవరమ్మా, మీ వదినగారి చెల్లెలా?"

ఎవరూ నవ్వలేదు. శారద నెమ్మదిగా అంది: "పీటల మీద ఉండగా నా భుజం భగ్గున మండింది అత్తయ్యా, కారం రాసినట్టు. తిరిగి చూస్తే ఎవరూ లేరు."

వీడియో తీసినతన్ని అడిగితే, తీసేటప్పుడు అక్కడ నేను లేనన్నాడు.

ఉన్నది ఒక్కటే క్యాసెట్. నేను కనబడినంత మేరా చెరిపించమని వియ్యపురాలు స్టూడియోకి పంపింది. ఉంచమని ఆవిడ చేతులు పట్టుకుని బతిమాలాను. వినలేదు.

గదిలో ఉన్నది నేనే. పందిట్లో నిలబడింది ఎవరో ఈనాటికీ చెప్పలేను.

క్యాసెట్‌లో మిగిలింది స్నాతకం, భోజనాల బంతులు. పోయినవి జీలకర్రా బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు. చెరిగిపోయింది మొత్తం నలభై ఒక్క నిమిషాలు.