పోపు ఆగిన ఇల్లు

పప్పన్నం ముద్ద గొంతులో ఆగిపోయిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. మాదాపూర్‌లో అప్పుడప్పుడే లేస్తున్న ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో టైల్స్ మేస్త్రిగా పనిచేస్తున్నాను. చుట్టూ రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు, దుమ్ము. మధ్యాహ్నం గుట్ట నీడన అందరం డబ్బాలు విప్పి, ఒకరి కూర ఒకరం పంచుకునేవాళ్లం. ఎంత బాగుండేవో ఆ తిండ్లు! ఆ రోజు మాత్రం ముద్ద దిగలేదు. నీళ్లు తాగితే అవీ వెనక్కే వచ్చాయి.

"ఏందన్నా, పొలమారిందా?" అంటూ నర్సింహులు నా నెత్తి మీద తట్టాడు. అతను నాతోపాటు పనిచేసే మేస్త్రి, కొత్తగూడలో మా పక్క గదిలోనే కిరాయికి ఉండేవాడు.

పొలమారడం కాదని నాకు అనుమానంగానే ఉంది. అంతకు కొన్ని వారాల ముందు, ఎండకు నాలుక పిడచకట్టుకుపోయి, కిటికీలో ఉన్న కూల్‌డ్రింక్ సీసా ఎత్తి గుటకేశాను. అది టైల్స్ కడిగే యాసిడ్. సైట్లలో అప్పుడు అలాంటి సీసాల్లోనే పోసి పెట్టేవాళ్లం. దవాఖానలో చేర్చారు. నోట్లో పుండ్లు మానాయి, ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను. గండం గడిచిందనుకున్నాం. లోపల మానుతున్న పుండే దారి మూసేస్తోందని మాకేం తెలుసు?

పెద్ద సర్కారు దవాఖానలో ఎండోస్కోపీ చేశారు. దారిని వెడల్పు చేయడానికి డైలటేషన్ మొదలుపెట్టారు. చేసినప్పుడల్లా కాస్త తెరుచుకునేది, మళ్లీ బిగుసుకునేది. చివరికి ఉమ్మి కూడా దిగక, ఉమ్మడానికి ఎప్పుడూ చేతిలో స్టీలు గ్లాసు పట్టుకుని తిరిగాను. పొట్ట మీదుగా పేగులోకి ఫీడింగ్ ట్యూబ్ వేశారు. పాలు, వడగట్టిన రాగిజావ, అన్నీ అందులోంచే.

సర్జన్ గారు కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. "స్ట్రిక్చర్, అంటే దారి బిగుసుకుపోయిన భాగం, గొంతు దాకా ఉందండి. మీ పెద్దపేగులో ఒక ముక్కని ఛాతీలోంచి పైకి తెచ్చి గొంతుకి కుడతాం. కోలన్ ఇంటర్‌పొజిషన్ అంటారు. కానీ కొన్ని నెలలు ఆగాలి, లోపలి మచ్చ గట్టిపడాలి" అన్నారు.

"కింది పేగు పైకొస్తే అన్నానికి తొవ్వ దెలుస్తదా సార్?"

"మామూలు గొట్టంలా అది తోసెయ్యదండి. మీరు నిటారుగా కూర్చుని తింటే బరువుకి జారుతుంది."

"అంటే బాత్రూమ్‌ల నీళ్లు జారిపోనీకి నేల ఏటవాలు జేసి వాటం ఇచ్చినట్టు."

ఆయన పకపకా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇక ఈ జన్మలో అన్నం ముద్ద మింగుతానా అన్న భయం నన్ను వదల్లేదు.

ఆపరేషన్ కోసం ఎదురుచూసిన ఆ నెలల్లోనే ఇంట్లో ఏదో తేడా కనిపించింది. మాది నాలుగు గదుల వాకిలి, అందరికీ ఒకటే నల్లా. పొద్దున లేస్తే నాలుగు పొయ్యిల మీద పోపు చిటపటలాడేది, వెల్లుల్లి వాసన రోడ్డు దాకా కొట్టేది. అది మెల్లగా ఆగిపోయింది. వాకిలంతా నిశ్శబ్దం. నా భార్య యాదమ్మ ఎప్పుడు వండుతుందో, ఎప్పుడు తింటుందో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం నర్సింహులు గది తలుపు తోశాను. యాదమ్మ గోడవైపు తిరిగి, చల్లారిన అన్నంలో పచ్చడి కలుపుకుని తింటోంది. నన్ను చూసి గిన్నె కొంగు చాటున దాచింది.

మా వైపు చావు జరిగిన ఇంట్లో దినాలు అయ్యేదాకా పోపు పెట్టరు. అది గుర్తొచ్చి నా ఒళ్లు మండిపోయింది.

"నేను సచ్చిన్నానే? ఇంట్ల పోపు గూడ బందు వెట్టినవ్!" అని కీచు గొంతుతో అరిచాను.

"నువ్వు గా గ్లాసు వట్టుకోని చూస్తుంటే నీ ముంగట ఎట్ల తినాలె? ఆ వాసనకు పరేషాన్ అయితవని నేనే అందరికీ చెప్పిన" అని ఏడ్చింది.

"వాసన లేకుంటెనే పరేషాన్ అయితున్న. పో, పోపు వెయ్యి."

ఆ సాయంత్రం ఆవాలు చిటపటమన్నాయి. ట్యూబులో నా పాలు పోసి, నా ఎదుటే కూర్చుని తింది. "ఎట్లున్నదే?" అన్నాను. "ఏముంది, ఉప్పే లేదు" అంది. మర్నాడు వంకాయ చప్పగా ఉందంది. ఆ తర్వాత కూడా రోజూ అదే మాట. నన్ను ఊరించకూడదని అబద్ధమాడుతోందని వాసనే చెప్పేది. ఆ అబద్ధాల కోసం నేను రోజూ ఎదురుచూసేవాణ్ణి.

ఆపరేషన్ రోజంతా పట్టింది. తర్వాత మెడ దగ్గర కుట్లలోంచి ఉమ్మి కారడం మొదలైంది. అంతా దండగైందని గోడకు తిరిగి పడుకున్నాను. "లీక్ కొందరికి అవుతుందండి, మానుతుంది. ఓపిక పట్టండి" అన్నారు సర్జన్ గారు. మానింది. స్వాలో టెస్టులో తాగిన మందు తెల్లటి గీతలా మెడ నుంచి కిందికి జారడం స్క్రీన్ మీద చూపించి, "మీ వాటం బాగుందండి" అన్నారు.

ముందు నీళ్లు, తర్వాత జావ. అన్నం పెట్టొచ్చని డాక్టర్ చెప్పిన రోజు యాదమ్మ పప్పుకు పోపు వేసి, మెత్తగా పిసికి ఒక చిన్న ముద్ద నోట్లో పెట్టింది. వాకిలంతా గుమ్మం ముందు నిలబడింది. నిటారుగా కూర్చుని మింగాను. మెడలో గుడగుడమంది, దిగింది.

"ఎట్లున్నది?" అంది యాదమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"ఉప్పే లేదు" అన్నాను. అందరూ గొల్లుమన్నారు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, అక్కడ అపార్ట్‌మెంటు ఉంది. గుట్టలు పోయి ఫ్లైఓవర్ వచ్చింది. నేను ఇంకా కొద్దికొద్దిగానే తింటాను, తిన్నాక వెంటనే పడుకోను, తల ఎత్తు మీదే నిద్ర. మెడలో గుడగుడ వినపడితే యాదమ్మ "బస్సొచ్చింది" అంటుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ట్యూబు వేస్తే, వాళ్ల మీద జాలితో మీరు చాటుగా తినకండి. ముందు వాళ్లనే అడగండి. కొందరు వాసన వద్దంటారేమో, అప్పుడు మానేయండి. నన్ను మాత్రం ఆ పోపు చప్పుడే మళ్లీ బతికున్నవాళ్లలో కూర్చోబెట్టింది.