బెహ్నామ్ మామయ్య ముళ్ళ కంప

మా చిన్న మామగారు బెహ్నామ్‌కు ఒకటే పిచ్చి. ముళ్ళ కంప. మగవాళ్ళు బయటికి వెళితే ఏ చేపో, పుచ్చకాయో పట్టుకొస్తారు. ఈయన మాత్రం పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా చంకలో ఒక కంప మోపుతో తిరిగొస్తాడు. తెచ్చి మేడ మీద ఎండబెడతాడు. ఎండినదాన్ని తిరగేసి మళ్ళీ ఎండబెడతాడు. బాగ్దాద్ ఎండకు మనుషులే మాడి మసైపోతుంటే, ఆ కంపలో ఇంకా తడి ఎక్కడుందని ఈయన వెతుకుతున్నాడో నాకు మొదట్లో బొత్తిగా అర్థమయ్యేది కాదు.

కంప ఎందుకంటే క్రిస్మస్‌కు. మా అత్తవారు కల్దీయ క్రైస్తవులు. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం లోగిలిలో ముళ్ళ కంప పోగేసి అంటిస్తారు. ఇంట్లో అందరికన్నా చిన్నది ఏసు పుట్టిన కథ చదువుతుంది. మిగతావాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని చుట్టూ నిలబడి, మంట మండుతున్నంతసేపూ కీర్తన పాడతారు. కంప పూర్తిగా కాలి బూడిదైతే ఆ ఏడు ఇంటికి అంతా మంచే. సగంలో ఆరిపోతే మాత్రం అంతే సంగతులు. చివర్లో ఆ బూడిద మీంచి మూడుసార్లు దూకి ఎవరి కోరిక వాళ్ళు కోరుకుంటారు. దీనికి ఒక్క మోపు చాలు. మామయ్య ఎండబెట్టిన కంపతో బాగ్దాద్ మొత్తం క్రిస్మస్ చేసుకోవచ్చు.

నేను అర్మేనియన్ల పిల్లను, పేరు సిరానుష్. మామయ్యను మొదటిసారి చూసింది మా పుట్టింట్లోనే. మా ఆయన మత్తీకి నన్ను అడగడానికి వాళ్ళ పెద్దలు వచ్చారు. ఈయన మా అమ్మ ప్రాణంగా చూసుకునే మఖమల్ సోఫాలో కూర్చున్నాడు. లేచినప్పుడు సోఫా గుడ్డ కూడా ఆయనతోపాటు లేచింది. కోటు నిండా ముళ్ళే. అమ్మ ముఖం మాడిపోయింది. మా నాన్న దర్జీ. ఆయన పెళ్ళికొడుకును చూడ్డం మానేసి, మామయ్య కోటునే ముందూ వెనకా ఎగాదిగా చూశాడు. ఇన్ని చిరుగులున్న ఇల్లు దొరకడం మన అదృష్టం, జీవితాంతం గిరాకీ, వెంటనే ఒప్పుకో అని మా భాషలో అమ్మ చెవిలో చెప్పాడు.

మామయ్య గూడ్సు బండిలో గార్డు. సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, కొడవలి తీసుకుని పట్టాల పక్కకు దిగేవాడు. సాయంత్రం ఆ మోపుతోనే బస్సెక్కేవాడు. ఎంత రద్దీగా ఉన్న బస్సయినా ఆయన ఎక్కగానే వెనక సీటు మొత్తం ఖాళీ అయిపోయేది. జనం ఎంత మర్యాదస్తులో చూశావా, నా నెరిసిన జుట్టు చూసి లేచి నిలబడుతున్నారు అని ఆయన నాతో పొంగిపోతూ చెప్పేవాడు. వేసవిలో ఊరందరిలాగే మేమూ మేడ మీదే పడుకునేవాళ్ళం. మామయ్య మంచం మీద కంప పడుకునేది, ఆయన కింద చాప మీద పడుకునేవాడు. మంచం మీద అయితే కింది నుంచి కూడా గాలి తగులుతుందట, అది కంపకు మంచిదట.

అన్నిటికన్నా పెద్ద బాధ ఆయన పరీక్ష. ఎండిందో లేదో చూడ్డానికి ఒక పుల్ల తెచ్చి, ఎవరు దొరికితే వాళ్ళ చెవి దగ్గర పటుక్కున విరిచి, "విన్నావా?" అనేవాడు. కూర తరుగుతున్నా, నిద్రపోతున్నా, ప్రార్థన చేసుకుంటున్నా సరే. ఒకసారి గుళ్ళో పాదిరిగారి చెవి దగ్గరా విరిచాడు. వినలేదంటే ఇంకో పుల్ల విరుస్తాడు కనక ఇంటిల్లిపాదీ చప్పుడు కాకముందే విన్నామని చెప్పడం నేర్చుకున్నారు.

ఇంటికి పెద్ద దిక్కు మత్తీ వాళ్ళ నానమ్మ. అర్మేనియన్ పిల్లను చేసుకోవడం ఆవిడకు సుతరామూ ఇష్టం లేదు. మా క్రిస్మస్ జనవరి ఆరున అని తెలిశాక ఆవిడకు మరీ మంట. మా ఏసు డిసెంబరులోనే పుట్టేశాడు, మీవాడికి ఇంత ఆలస్యమెందుకు అని మా నాన్నను నిలదీసింది. "మేం దర్జీలం కదమ్మా, ఏదైనా కాస్త సమయం తీసుకుని చక్కగా చేస్తాం," అన్నాడు నాన్న. చివరికి రెండు పండగలూ ఈ ఇంట్లోనే చేసుకోవాలని, చెట్టు మాత్రం రెంటికీ ఒకటే చాలని ఒప్పందం కుదిరింది. వాళ్ళ పండగకు గొర్రె పొట్టలో బియ్యం, మాంసం కూరి కుట్టి వండే పాచా నాకు అప్పగించారు. వంట నాకు తెలియదు, కుట్టు తెలుసు. పొట్టను మా నాన్న కోటు కుట్టినట్టే కుట్టాను. నానమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని కుట్టు కోసం ఎంత వెతికినా దొరకలేదు. గుండీలు కూడా పెట్టకపోయావా అని మాత్రం అంది.

ఆ ఏడు నేనొచ్చాక మొదటి క్రిస్మస్. కొత్త కోడలు వచ్చిన ఏడు మంట ఎలా మండుతుందో చూసి ఆ కోడలి అడుగు ఎలాంటిదో చెప్పేస్తారు ఆ ఇంట్లో. నాకు ఆ మంట మీద నమ్మకం లేదు. నానమ్మ నోటి మీద మాత్రం పూర్తి నమ్మకం ఉంది. ఎందుకంటే నా కళ్ళ ముందే నజీబా అత్తయ్య ఉంది. ఆవిడ బెహ్నామ్ మామయ్య భార్య. ఆవిడ కాపురానికొచ్చిన ఏడు మంట సగంలో ఆరిపోయిందట. అంతే, పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఏం జరిగినా ఆవిడ ఖాతాలోకే. కూరలో ఉప్పెక్కువైనా, కొళాయి ఎండిపోయినా, మా మామగారికి పన్ను నొప్పి పట్టినా, "మంట ఆరిపోయిన ఏడు వచ్చిందిగా మరి," అనేది నానమ్మ. నజీబా అత్తయ్య అవునత్తయ్యా అని, మళ్ళీ తలొంచుకుని ఖర్జూరం కూరిన కలీచా బిస్కెట్లు చుట్టుకునేది. మామయ్య తల్లి ముందు నోరు మెదిపేవాడు కాదు. మెల్లిగా లేచి మేడ మీదికి వెళ్ళి కంప తిరగేసేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాన్ని అన్నేసి మాటలంటుంటే ఈ మనిషికి కంపే ఎక్కువైందా అనుకునేదాన్ని.

నా ఖర్మకొద్దీ ఆ వారమంతా వాన. ఊళ్ళో అందరి కంపా నానిపోయింది. మామయ్య మాత్రం మొదటి చినుకుకే కంపనంతా తన పడకగదిలోకి చేరేశాడు. మంచం మీద కంప, మంచం కింద కంప, బీరువాలో నజీబా అత్తయ్య చీనా పట్టు గౌను పక్కన కంప. ఆవిడ దుప్పటి తీసుకుని మా అత్తగారి గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన కిరసనాయిలు పొయ్యి వెలిగించి పక్కన కుర్చీలో కాపలా కూర్చున్నాడు. గది పైకప్పు కారడం మొదలుపెడితే కంపకు గొడుగు పట్టాడు. "పెళ్ళయ్యాక నాకొక్కసారీ గొడుగు పట్టలేదు, దానికి పడుతున్నాడు చూడు," అంది అత్తయ్య. అన్నదే కానీ, పోయి టీ ఇచ్చి వచ్చింది.

గంటకోసారి వంటింట్లోకొచ్చి నా చెవి దగ్గర పుల్ల విరిచి విన్నావా అనేవాడు. విన్నాను మామయ్యా అనేదాన్ని. నిజానికి నాకు నా గుండె చప్పుడు తప్ప ఇంకేం వినిపించడం లేదు. మంట ఆరిపోతే నా పాతికేళ్ళు ఎలా ఉంటాయో ఎదురుగా కూర్చుని కలీచాలు చుడుతోంది. మంట వేసే సాయంత్రానికి పుట్టింటికి వెళ్ళిపోదామా అని మత్తీని అడిగాను కూడా. బాబాయి ఉన్నాడుగా, భయపడకు అన్నాడు మత్తీ. మీ బాబాయి ఉండి పిన్నికి ఒరిగిందేమిటి అని నేను అనలేదు, పండగ పూట ఎందుకని ఊరుకున్నాను.

పండగ ముందు రోజు సాయంత్రానికి వాన ఆగింది. లోగిలంతా తడి. మామయ్య ఇటుకలు పరిచి, వాటి మీద రేకు పరిచి, కంపను బిడ్డను పడుకోబెట్టినంత భద్రంగా పేర్చాడు. మా చిన్న ఆడపడుచు కథ చదివింది. నానమ్మ కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చుంది. ఆవిడ చూసింది కంప వైపు కాదు, నా వైపు.

మామయ్య అగ్గిపుల్ల గీశాడు.

అది మండడం కాదు. భగ్గుమని గోడ దాటి పైకి లేచింది. అందరం ఒక్కసారిగా వెనక్కి దూకాం. కీర్తన మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. ఏటా మా చిన్న మంట చూసి ఊరుకునే పక్కింటి ఉమ్ కాదిమ్ ఈసారి తన మేడ మీంచి చూసి, ఇల్లు అంటుకుందనుకుని కేక పెట్టింది. కేక పెట్టి ఊరుకుందా, బట్టలు నానబెట్టిన బకెట్ ఎత్తి పిట్టగోడ మీద పెట్టింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పాపం ఆవిడ మంచికే చేస్తోంది, కానీ నా కొంప మునిగిపోతోంది.

దభాల్న నీళ్ళు పడిన చప్పుడైంది. కళ్ళు తెరిస్తే మంట అలాగే మండుతోంది. దానికీ గోడకీ మధ్య మామయ్య చేతులు బార్లా చాచి నిలబడి ఉన్నాడు. బకెట్ నీళ్ళన్నీ ఆయన మీదే. తల మీద ఉమ్ కాదిమ్ వాళ్ళాయన బనీను ఒకటి వేలాడుతోంది. ఒక్క చుక్క కూడా కంప మీద పడనివ్వలేదు. మేం తేరుకుని కీర్తన మళ్ళీ అందుకునేలోపే మొత్తం కాలిపోయింది. ముల్లన్నది మిగల్లేదు. అమ్మయ్య అని నేను పైకే అనేశాను. మత్తీ భుజం పట్టుకున్నాను.

నానమ్మ కర్రతో బూడిదను కెలికి చూసింది. ఒక్క పుల్ల దొరకలేదు. "ఏమే పిల్లా, నీ అడుగు మంచిదే," అంది నాతో. తర్వాత అలవాటు చొప్పున నజీబా అత్తయ్య వైపు తిరిగి నోరు తెరవబోయింది.

"అమ్మా," అన్నాడు మామయ్య.

తల్లి మాటకు ఆయన అడ్డం రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆయన నీళ్ళు కారుతూ అలాగే నిలబడి, నేల చూస్తూ చెప్పాడు.

"ఎండిన కంప కాలుతుంది, పచ్చిది కాలదు. కోడళ్ళకూ దీనికీ సంబంధం లేదమ్మా. ఆ ఏడు కంప కోసింది నేను. కొత్త పెళ్ళికొడుకును. ఇంటికి తొందరగా వచ్చేయాలని చేతికందిన పచ్చి కంప కోసుకొచ్చాను. అప్పుడే చెప్పాల్సింది. భయమేసింది. చెప్పలేకపోయాను. ఈ ఇంటికి ఇంకో కోడలొస్తే ఆ పిల్లకు మాత్రం ఇలా జరగకూడదనుకున్నాను."

అప్పుడు తెలిసింది నాకు. పాతికేళ్ళు ఆ కంపను తిరగేసి మరగేసి ఎండబెట్టింది నా కోసం. అప్పటికి నేనింకా పుట్టనే లేదు. ఆ పిల్ల ఎవరో, ఏ ఇంటి నుంచి వస్తుందో, వాళ్ళ ఏసు ఏ తారీఖున పుడతాడో ఆయనకేం తెలుసు? నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయన నెత్తిన ఆ బనీను లేకపోతే ఏడ్చేసేదాన్నే.

నజీబా అత్తయ్య చేతిలో కొవ్వొత్తి ఆర్పి పక్కన పెట్టింది. "నాకు ఆ రోజే తెలుసు," అంది. "మోపు విప్పింది నేనేగా. చేతులకంతా పసరు."

"మరి చెప్పొద్దటే?" అంది నానమ్మ.

"నా దగ్గరికి తొందరగా రావాలని పరిగెత్తుకొచ్చిన మనిషి మీద మీకు చాడీలు చెప్పమంటారా అత్తయ్యా?"

నానమ్మ కర్ర మొనతో బూడిదను మళ్ళీ కెలికింది. పాతికేళ్ళ ఉప్పెక్కువ కూరలు, ఎండిన కొళాయిలు, మామగారి పన్ను నొప్పి అన్నీ ఇప్పుడు ఎవరి నెత్తిన పెట్టాలో లెక్క వేసుకుంటున్నట్టుంది. చివరికి కర్ర పక్కన పడేసి చెయ్యి చాచింది. "బూడిద చల్లారిపోతోంది. నజీబా, ఇటు రా. నన్ను నువ్వు దాటించు," అంది. మూడుసార్లూ ఆ చెయ్యి వదల్లేదు. ఏం కోరుకుందో ఎవరికీ చెప్పలేదు కానీ, ఆ తర్వాత కూరలో ఉప్పెక్కువైతే ఉప్పెక్కువైందని మాత్రమే అనేది. బకెట్ పట్టుకుని సిగ్గుతో కిందికి దిగొచ్చిన ఉమ్ కాదిమ్ చేత కూడా దూకించాం. తన కోరిక బాహాటంగానే చెప్పింది, ఆ బనీను ఇప్పించమని.

రొదంతా సద్దుమణిగాక మామయ్య పొయ్యి దగ్గర కూర్చుని తుమ్ముల మధ్య నన్ను పిలిచాడు. జనవరి ఆరున మీవాళ్ళు ఏం కాలుస్తారమ్మాయ్ అని అడిగాడు. మేమేం కాల్చం మామయ్యా, గోధుమలూ ఎండు ఖుబానీలూ కలిపి పాయసం వండుకుంటాం అన్నాను.

"ఎండు ఖుబానీలా?" ఆయన కళ్ళు మెరిశాయి. "ఎక్కడివి?"

"బజార్లో కొంటాం."

"బజారు సరుకా? వాళ్ళు సరిగ్గా ఎండబెడతారో లేదో," అని లేచి మేడ మెట్ల వైపు నడవబోయాడు.

నజీబా అత్తయ్య ఆయన భుజం పట్టి వెనక్కి కూర్చోబెట్టి, తువ్వాలుతో తల తుడవడం మొదలుపెట్టింది. "ముందు నువ్వు ఆరు," అంది. "పళ్ళ సంగతి తర్వాత చూద్దువుగాని."